కరెంటు పొయ్యికి జరీ అంచు

పాలమూరు గడ్డ మీద కరెంటు చలిపొయ్యికి సొంత చేతుల్తోని చౌకట్టు కట్టిన మొట్టమొదటి మొనగాన్ని నేనే. ఎవరైనా కాదంటే నా ముందుకు రమ్మనండి. కాకపోతే ఆ చౌకట్టు ఇప్పుడు మా పెరట్ల పండుకొని ఉంది. దాని మీద అమ్మ మిరపకాయలు ఎండబెడుతుంది.

మొన్న శుక్రవారం నుంచి నాకు నడుము సక్కగ లేదు, మనసు అసలే సక్కగ లేదు. ఎందుకో చెప్త, జర చాయ్ పట్టుకొని కూసోండి.

మాది గద్వాల. నాన్న మగ్గం నేస్తడు. ఆ చీరలు పట్టుకొని దుకాణాల చుట్టూ తిరిగి, సేట్లు చెప్పిన రేటుకే తల ఊపి వస్తడు. అది చూసి చూసి మా అక్కకు విసుగొచ్చింది. "ఇగ నువ్వు ఏ సేటు ముందు నిలబడకు నాన్నా. ఫోన్ల లైవ్ పెట్టి నేనే అమ్ముత" అన్నది. తొలి లైవ్ గదా, వెనక గోడ క్లాసీగ ఉండాలట! ఆన్‌లైన్ల ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్ తెప్పిచ్చింది. అంటే ఒక నల్ల పెట్టె. అద్దం వెనక ఉత్తుత్త మంట ఆడుతది. ఇంకో బటన్ నొక్కితే నిజం వేడి గూడ వస్తది. గద్వాలల. ఎండకాలంల!

"దీని చుట్టూ కట్టెతోని మాంటెల్, అంటే చౌకట్టు, ఉండాల్రా. చూడు, ఫొటోలల్ల ఎట్ల ఉందో" అన్నది అక్క.

కట్టెపని చేసే వడ్లాయనను పిలిస్తే ఫోన్ అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "ఇది దర్వాజనా, దేవుని గూడా?" అనడిగి, పెండ్లి మంచాల పని ఉందని తప్పిచ్చుకున్నడు.

"గిదెంత పని! నేను చేస్త" అన్న. ఆ ముక్క నా నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో ఇప్పటికీ తెల్వదు.

నా లెక్క నాకుంది. గద్వాల చీరకు నూలు ఒళ్లు వేరే, పట్టు అంచు వేరే. రెండింటినీ కలుపుడే మా ఇంటి విద్య. చౌకట్టు గూడ గట్లనే అనుకున్న. ఒకనాడు కాళ్లు కోసిన, ఇంకోనాడు పైపలక కోసిన. కాళ్లు కోసేటప్పుడు పలకను చూడలే, పలక కోసేటప్పుడు కాళ్లను చూడలే. తీరా తెచ్చి పొయ్యి చుట్టూ పెడితే, పైన చెయ్యి దూరేంత సందు!

నాన్న మగ్గం మీదికెల్లి లేచొచ్చి చూసిండు. "దారమైతే జర గుంజితే వస్తది బిడ్డా. కట్టెను ఎట్ల గుంజుతవ్?"

"నువ్వు పో నాన్నా, నా దగ్గర ప్లానుంది."

ప్లాను ఏంటంటే, ఆ సందు మీద ఒక వెడల్పు పట్టీ కొట్టి బంగారు రంగేసుడు. జరీ అంచు! చౌకట్టును గోడకు మరలతోని గట్టిగ బిగిచ్చిన. అక్క మురిసిపోయి నా నెత్తి నిమిరింది. మంట ఆరకుండ నడుస్తనే ఉంది. పట్టీ కొట్టకముందు నాన్నకు చూపిద్దామని వేడి గూడ పెట్టిన. దాన్ని ఆపుడు మర్చిపోయిన. ఎవరికీ తెల్వలే. ఫ్యాన్ తిరుగుతుంది, ఇగ మా ముందటి అర్ర ఎండకాలంల ఎట్లయిన పెనం లెక్కనే ఉంటది.

లైవ్ మొదలైంది. చీరలు ఎగురుతున్నయని అక్క ఫ్యాన్ బంద్ చేపిచ్చింది.

"హలో అండీ! అందరికీ స్వాగతమండీ!" ఇంట్ల 'ఏందిరా, ఓరేయ్' అనే అక్క ఒక్కసారే టీవీ యాంకర్ అయింది. "ఈ చీర చూడండి అండీ, ఎంత చల్లగా ఉంటుందంటే..." అనుకుంటనే ముఖం మీది చెమట తుడుచుకుంది. ఇంకో చీర తీసింది, పౌడర్ కారింది. ఇంకోటి తీసింది, కాటుక కారింది. కామెంట్లు మొదలైనయి. 'అక్కా జ్వరమా?' 'వెనక ఏం గుడి అక్కా?'

అక్క నవ్వు చెదరకుండ, పండ్ల సందులకెల్లి అన్నది: "బంద్... చెయ్... రా..."

రిమోట్ నొక్కిన. ఊహూ. దగ్గరికి వంగి నొక్కిన. ఊహూ. అప్పుడు అర్థమైంది. రిమోట్‌ను పట్టే కన్ను, బటన్లు, అన్నీ నా జరీ అంచు కిందనే ఉన్నయి! ప్లగ్గు పీకుదామంటే అది చౌకట్టు ఎనక. మరలు నేనే బిగిస్తి గద, గట్టిగ.

నాన్న బనీను మీదనే కెమెరా ముందుకొచ్చి, పట్టీని రెండు చేతుల్తోని పట్టి సర్రున పీకిండు. పట్టీతోపాటు పలక ఊడింది, పలకతోపాటు దాని మీద అక్క సర్ది పెట్టిన చీరలన్నీ కింద పడ్డయి. నేను పట్టబోయి నడుము పట్టేసుకున్న. కామెంట్లల్ల నవ్వు బొమ్మలు వరద లెక్క వచ్చినయి. తర్వాత ఒక్కొక్కరే లైవ్‌లకెల్లి ఎల్లిపోయిండ్రు. ఒక్క చీర అడిగినోళ్లు లేరు.

అక్క కింద కూసుంది. తిట్టినా బాగుండేది. చీరలు ఏరి మడత పెడుతుంది. నాన్న అంగీ తొడుక్కుంటూ మెల్లగ అన్నడు, "రేపు సేటు దగ్గరికి పోత తియ్ బిడ్డా."

జరసేపటికి అక్క ఫోన్ టింగుమన్నది. 'అక్కా, ఆ నెమలి రంగు చీర నాకే. సుజాత, ఉప్పునుంతల.'

అక్క ఎగిరి గంతేసింది! "సుజాత గారండీ! థాంక్స్ అండీ!" ఇంకో ఇద్దరు గూడ ఆ మాట చూసి ధైర్యం తెచ్చుకొని చీరలు అడిగిండ్రు. పైసలొచ్చినయి. సుజాత పైసలు ఏదో మగమనిషి పేరు మీద వస్తే, "మొగుడు మంచోడే ఉన్నడు" అన్నది అమ్మ. నాన్న సేటు దగ్గరికి పోలే.

ఇయ్యాల పొద్దుగాల అక్క నా చేతుల పార్సిల్ పెట్టింది. "తొలి బోణీరా. కొరియర్ల ఎందుకు, నువ్వే పోయి ఇచ్చి రా. సుజాత గారు కట్టుకున్నంక ఒక ఫొటో తీస్కరా. పేజీల పెడ్త."

వనపర్తి దాటి వచ్చిన. ఇప్పుడు నాగర్‌కర్నూల్ బస్టాండుల, పార్సిల్ ఒళ్లె పెట్టుకొని ఇది రాస్తున్న. ఉప్పునుంతల బస్సు ఎదురుంగనే ఉంది. ఎక్కబుద్ధి అయితలేదు. ఆ ఊర్ల నాకు ఒక దోస్తున్నడు, ఆ చీరకు నా పైసలే వాని ఫోన్లెకెల్లి అక్కకు కొట్టిపిచ్చిన. సుజాత మాత్రం ఉప్పునుంతలల లేదు. ఆ కామెంటు పెరట్ల నక్కి, ఒంగిన నడుముతోని నేనే రాసిన.

ఇగ ఆ చీర కట్టుకొని ఫొటో దిగాల్సింది గూడ నేనే.