సునీతకు ఇవ్వని మార్కు

ఆరేళ్లుగా ఒక మార్కు మోస్తున్నాను. ఒక్క మార్కుకు ఇంత బరువుంటుందని, భౌతికశాస్త్రం చదువుకున్న నేను ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. మీతో చెప్పేముందు, నిశ్చయంగా తెలిసినదాన్ని విన్నదాని నుంచి వేరు చేస్తాను. ఆ మార్కు కొట్టేసింది నేనే. అది తప్పని తెలిశాక కూడా నోరు విప్పలేదు. ఇవి నిశ్చయం. సునీత ఇప్పుడు నోయిడాలో మంచి ఉద్యోగంలో ఉందన్నది వినికిడి.

అప్పట్లో దేశ రాజధానిలో, కటవారియా సరాయ్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో సి అనే కంప్యూటర్ భాష చెప్పేవాణ్ణి. చివరి పరీక్షలో మొదట వచ్చినవారికి తరువాతి బ్యాచ్‌కు ల్యాబ్ నేర్పే జీతపు పని అప్పగించడం అక్కడి పద్ధతి. దగ్గర్లోని సాకేత్‌లో నర్సుగా పనిచేసే అక్క గదిలో ఉంటున్న సునీతకు ఆ పని కావాలి. దొరకకపోతే కాకినాడ తిరిగి వెళ్లిపోవాలి. ఆ సంగతి నాకు తెలుసు.

ఆ పరీక్షలో నా ప్రశ్న ఒకటి ఇది: ప్రోగ్రాంలో విద్యార్థుల సంఖ్యకు ‘_N’ అని పేరు పెట్టవచ్చునా? పెట్టకూడదని సునీత రాసింది. కొట్టేశాను. పేపరు పట్టుకుని వచ్చింది.

“సార్, అండర్‌స్కోర్ తరవాత పెద్ద అక్షరమొస్తే అది రిజర్వుడు పేరండి. కంపైలర్‌కీ దాని లైబ్రరీకీ ఉంచేశారు.”

“ఎవరు చెప్పారమ్మా?”

“సి స్టాండర్డ్‌లో ఉందండి, భాష నియమాలన్నీ ఉండే పత్రంలో.”

“అచ్ఛా. నేను కంపైల్ చేసి చూశాను, నడిచింది. నీ స్టాండర్డ్ వచ్చి ఆపలేదే.”

“రిజర్వేషన్ బోగీలో ఖాళీ సీటుంటే మనమూ కూర్చోవచ్చు సార్. ఆ సీటు రిజర్వు చేసుకున్నాయన మథురలో ఎక్కేదాకా.”

నవ్వాను. మార్కు మాత్రం ఇవ్వలేదు. గౌరవ్ అనే మరో విద్యార్థి ఒక్క మార్కు తేడాతో మొదట వచ్చాడు. ల్యాబ్ అతనికి దక్కింది. వారం తిరక్కుండా సునీత కాకినాడ వెళ్లిపోయింది.

ప్రతి మాటకూ ఆధారం అడిగే నేను చేసిన ప్రయోగం ఏపాటిది? ఒక యంత్రం, మన ప్రోగ్రాంను దానికి అర్థమయ్యేలా మార్చే ఒక కంపైలర్, ఒక్కసారి. అందులోంచి లోకంలోని యంత్రాలన్నిటికీ వర్తించే సూత్రం తీశాను. అదే పని ఒక విద్యార్థి చేసి ఉంటే పేజీ నిండా ఎర్ర సిరా పులిమేవాణ్ణి.

నాలుగు నెలలకు ల్యాబ్‌లో కొత్త కంపైలర్ పెట్టారు. విద్యార్థులు నలభైమంది అని ‘_N’ పేరుతో రాసుకున్న నా హాజరు ప్రోగ్రాం కంపైల్ కాలేదు. వెతుక్కుంటూ వెళ్లి లైబ్రరీ ఫైలు తెరిస్తే, అందులో ‘_N’ అనే పేరు ముందే కూర్చుని ఉంది, నాలుగు అనే విలువతో. నేను ఆ పేరు రాసిన ప్రతిచోటా కంపైలర్ నాలుగు అంకెను అతికించి, నాలుగును నలభై చేయడం తన వల్ల కాదని మొరాయించింది. మథుర వచ్చేసిందన్నమాట. ఒక్కణ్ణే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ తరువాత సైబర్ కేఫ్‌లో స్టాండర్డ్ ముసాయిదా ప్రింటు తీయించుకుని, మొదటిసారి చదివాను. ఆమె రాసింది అక్షరాలా నిజం.

సెంటర్ యజమానికి చెప్పాలి; సునీతకు ఉత్తరం రాయాలి. నేను చేసింది వేరు. ప్రోగ్రాంలో పేరు మార్చాను. ప్రశ్నపత్రాల్లోంచి ఆ ప్రశ్న తీసేశాను. ఆనవాలు చెరపడంలో అంత శ్రద్ధ చూపినవాణ్ణి, తప్పు దిద్దడంలో ఎందుకు చూపలేదు? సిగ్గు అంటే సరిపోదు. ఇతరుల తప్పులు పట్టేవాణ్ణన్న పేరు తప్ప నా దగ్గర వేరే గొప్ప లేదు. అది పోతుందని భయపడ్డాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు. చెప్పినందుకు మాత్రం ఈ పూట ప్రాణం హాయిగా ఉంది, దాచడమెందుకు. ఒక్క ప్రశ్న ఇంకా తేలలేదు. ఆ మార్కు ఇచ్చి ఉంటే ఇద్దరూ సమానమయ్యేవారు. అప్పుడు యజమాని ఎవరిని ఎంచుకునేవాడు? సమానమైతే ఏం చేయాలో అక్కడ నియమం లేదు, ఎందుకంటే ఆ పరిస్థితి ఎన్నడూ రాలేదు. రానివ్వనిది నేనే.