దిష్టి తీసిన కోడి

మా అక్క కొడుకు కొత్త కారుకి పూజ చేయించిన రోజునే మా కోడిపెట్ట కాలు విరిగింది. రెండింటికీ సంబంధం ఏమిటని అడగగలిగేవాళ్లు అదృష్టవంతులు. వాళ్ల చుట్టాల్లో బుద్ధున్నవాళ్లు ఎక్కువై ఉంటారు. మా చుట్టాల సంగతి వేరు.

అప్పట్లో మేం బోయిగూడలో ఒక పాత మేడ ఇంట్లో అద్దెకుండేవాళ్లం. కింది వాటాలో నేనూ నా భార్యా, పై వాటాలో మా అక్కా ఆమె కొడుకూ. బావ పోయాక విజయనగరం నుంచి వాళ్లిద్దరినీ నేనే రమ్మన్నాను. కుర్రవాడు ఇంజనీరింగు చదివి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం సంపాదించాడు. ఊళ్లో ఎవరి నోట విన్నా ఆ ఉద్యోగాల మాటే అయిన కాలం అది. అయితే చేరిన కొత్తలోనే కంపెనీవాళ్లు వాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టారు. అంటే జీతం ఇస్తారు, పని ఇవ్వరు. పని దొరక్కపోతే ఏదో ఒక రోజు ఇంటికి పంపేస్తారు. మా అక్కకి బళ్లో బెంచీ ఒకటే తెలుసు. "అన్నీ పాసైన కుర్రాణ్ణి బెంచీ ఎక్కించడమేటిరా?" అని బాధపడి, తెలిసిన దేవతలందరికీ మొక్కింది. కొన్నాళ్లకి వాడికి ప్రాజెక్టు దొరికింది. ఆ వెంటనే కారు వచ్చింది. బెంచి మీద నుంచి దింపింది అమ్మవారట. కారుకి అప్పిచ్చింది మాత్రం బ్యాంకు. బ్యాంకుకి ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు.

ఇక కోడి. బోయిన్‌పల్లి మార్కెట్టుకి కూరగాయల కోసం వెళ్లిన నా భార్య, గేటు బయట బుట్టలో గులాబీ రంగు పూసి అమ్ముతున్న కోడిపిల్లల్ని చూసి, జాలిపడి ఒకదాన్ని తెచ్చింది. ఆ రంగు పిల్లలు సాధారణంగా బతకవు. ఇది బతికింది. రంగంతా ఊడి, తెల్లటి పెట్ట అయింది. దానికి పేరు పెట్టలేదు. పిలిస్తే వచ్చే రకం కాదు. పొద్దున్నే నేను వరండాలో పేపరు చదువుతుంటే వచ్చి నా పాదం మీద కూర్చునేది. మా ఇంట్లో మతం లేని ప్రాణులు రెండే, నేనూ అదీ. నా భార్య అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉండేది.

కారు పూజ ఆదివారం పెట్టుకున్నారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, గుమ్మడికాయ, పంతులు, దండలు. ఇవి చాలవని మా అక్కకి అనిపించింది. మా వైపు కొన్ని ఇళ్లలో ఒక ఆచారం ఉంది. బతికున్న కోడిని దిగదుడిచి, దిష్టి అంతా దాని మీదికి పోయిందనుకుని, నాలుగు దారులు కలిసేచోట వదిలేసి వస్తారు. ఆమెకి ఆచారం గుర్తొచ్చింది గాని కోడిని కొనడం గుర్తు రాలేదు. ముహూర్తం దాటిపోతోంది. "మన కోడే ఉంది కాదేటి" అని, నేను స్నానానికి వెళ్లినప్పుడు వరండాలోంచి దాన్ని పట్టుకుపోయింది. నా భార్య వంటింట్లోంచి "మళ్లీ తెచ్చి ఇచ్చెయ్యండి వదినా" అందట, గిన్నె అరువిచ్చినట్టు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. అక్కడున్నవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. అందరూ ఒప్పుకున్నంత వరకే రాస్తున్నాను. అక్క కోడిని కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి, కారు ముందు నిలబడి తిప్పుతోంది. పంతులు సెల్‌ఫోన్‌లో ఇంకెవరిదో గృహప్రవేశం సంగతి మాట్లాడుతూ, చేత్తో "పోనివ్వండి" అన్నట్టు సైగ చేశాడు. డ్రైవింగు స్కూల్లో లైసెన్సు తప్ప ఇంకేమీ సంపాదించని మా మేనల్లుడు పెడల్ నొక్కాడు. కారు ముందుకు దూకింది. అక్క పక్కకు దూకింది, చేతిలో ఉన్నదాన్ని వదిలేసింది. నిమ్మకాయా కోడీ ఒకే చక్రం కిందికి వెళ్లాయి.

నేను తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి అక్కడ అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. కుర్రాడికి రావలసిన గండం కోడికి పోయిందట. పంతులు ఫోను చెవి మీంచి కాస్త తీసి "శుభం" అన్నాడు. కోడి ఇంకా బతికే ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఎడమ కాలు మోకాలి కింద విరిగి పక్కకి వేలాడుతోంది. తొడ మీద చర్మం చీరుకుపోయి కండ కనబడుతోంది. అరవడం లేదు, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. నేను దాన్ని ఎత్తుకున్నాను.

"ఒరే తమ్ముడూ, ముట్టుకోకురా!" అని అక్క కేక వేసింది. "దిష్టంతా దాన్లోకి దిగిపోయింది. కూడల్లో పారీసి, వెనక్కి చూడకుండా వచ్చీ."

"ఎవరి దిష్టే?"

"ఎవరిదైతేనేటి? అందరిదీనీ!"

"అందరి దిష్టీ పట్టాలంటే ఏనుగునైనా తేవాలి కదే. ఇది ఓ పూట కూరకి కూడా చాలదు."

మేనల్లుడు కారు దిగాడు. ముందు బంపరు చూశాడు, తర్వాత కోడిని చూశాడు. "సారీ మామయ్యా. నాకివన్నీ నమ్మకం లేదు, మీకు తెలుసు కదా. అమ్మ కోసం చేశాను. చేస్తే పోయేదేముంది అని..."

"కాలు పోయింది నాయనా" అన్నాను.

నేను సంస్కరణ సభల్లో పెరిగినవాణ్ణి. ఆ సభల్లో నమ్మేవాడూ నమ్మనివాడూ ఎదురెదురుగా నిలబడి గొంతులు పోయేదాకా వాదించుకునేవారు. ఓడినవాడికి ఓడానని తెలిసేది. మా అక్కతో ఇప్పటికీ అలా పోట్లాడవచ్చు, ఆవిడ నిజంగా నమ్ముతుంది కాబట్టి. ఈ కొత్త రకం చదువుకున్నవాడితో ఆ వీలు లేదు. వాడు మొదటే చేతులెత్తేసి, నాకు నమ్మకం లేదంటాడు. అంటూనే కంప్యూటరుకి బొట్టు పెడతాడు, మంచి రోజు చూసి ఆఫీసులో చేరతాడు, టైరు కింద నిమ్మకాయ పెడతాడు. పోయేదేముంది అంటాడు. పోయేది ఎప్పుడూ ఇంకొకరిది కాబట్టి వాడికి ఆ ప్రశ్నకి జవాబు దొరకదు. మూఢుణ్ణి నేను క్షమించగలను. మూఢుడి వేషం వేసుకుని బతికే తెలివైనవాణ్ణి మాత్రం క్షమించలేను.

గుడ్డసంచిలో కోడిని పెట్టుకుని ఆటో ఎక్కాను. "ఏడికి సారూ?" అన్నాడు డ్రైవరు. సైనిక్‌పురిలో జంతువుల డాక్టరు దగ్గరికన్నాను. అతను సంచిలోకి తొంగిచూశాడు.

"గీ కోడికా? గింత పరేషాన్ ఎందుకు సార్, జెర ముంగటికి పోతే బిర్యానీ హోటలే ఉంది గద!"

ఆ రోజు నేను విన్న మాటల్లో తర్కానికి నిలబడేది అదొక్కటే.

డాక్టరు కుక్కల కోసం పెట్టుకున్న క్లినిక్కు అది. లోపల గోడకి డిగ్రీ పటం, బయట గుమ్మానికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ. చదువు ఇంట్లోకి, భయం వీధిలోకి. "పెట్ అంటే డాగ్ అనుకున్నా సార్" అని కాసేపు నవ్వాడు. అయినా గాయం కడిగాడు, ఎముక సరిచేసి చిన్న బద్దలు పెట్టి కట్టు కట్టాడు, మందులు రాసిచ్చాడు. చేతులు కడుక్కుంటూ, "బతకడం కష్టం సార్. ఇంజెక్షన్ ఇచ్చేస్తే పెయిన్ ఉండదు. లేదా... మీరు నాన్‌వెజ్ తింటారా?" అన్నాడు.

"తింటాను. తెలిసినవాళ్లని తినను" అని కోడిని సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మేనల్లుడు కొన్న కంప్యూటరు మానిటరు తాలూకు అట్టపెట్టె మా ఇంట్లో పడి ఉంది. దాన్ని కోడికి మంచం చేశాను. అడుగున పాత పేపర్లు పరిచాను. వారఫలాల పేజీలు ఏరి మరీ పరిచాను. ఆ పేజీలకి అంతకంటే మంచి ఉపయోగం నాకు తోచలేదు. విరిగిన కాలి మీద బరువు పడకూడదని నా భార్య పాత దిండుగలీబుకి కాళ్లు దూరేంత చిల్లులు చేసి, దాన్ని రెండు స్టూళ్ల మధ్య ఉయ్యాలలా కట్టింది. కోడి పగలంతా అందులో వేలాడుతూ, ఆఫీసులో పనిలేని పెద్దమనిషిలా అటూ ఇటూ చూసేది. గింజలు ముట్టుకునేది కాదు. మెత్తగా పిసికిన అన్నం ముక్కు దగ్గర పెడితే ఒకటి రెండు మెతుకులు పొడిచేది. నీళ్లు ఇంకు ఫిల్లరుతో చుక్కలు చుక్కలుగా పట్టేవాళ్లం.

మధ్యలో గాయం వాసన వేసింది. కట్టు విప్పి చూస్తే పురుగులు. ఈగలు ఎప్పుడు వాలాయో తెలియలేదు. నా భార్య ముక్కుకి కొంగు చుట్టుకుని, పట్టకారుతో వాటిని ఒక్కొక్కటే తీసింది. నేను కోడిని పట్టుకున్నాను. అది వణికింది గాని విదిలించుకోలేదు.

"ఒక మాట చెప్పండి" అంది ఆవిడ తల ఎత్తకుండా. "ఇది బతకాలని చేస్తున్నారా, లేకపోతే వదినగారి మీద పంతానికా?"

"దాన్నే అడుగు."

"అది చెప్పలేదనేగా మిమ్మల్ని అడిగేది."

"అన్నం తినడం మానేస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఇంజెక్షన్ ఇప్పిస్తాను. తింటున్నంత కాలం దానికి బతకాలనుందనే అర్థం. మనకి అంతకంటే రుజువు దొరకదు" అన్నాను. ఆవిడ మర్నాటి నుంచి అన్నం పిసికే పని నాకివ్వలేదు.

పైవాటా సంగతి చెప్పనక్కర్లేదు. మెట్లు మా వరండాలోంచే వెళ్తాయి. అక్క దిగేటప్పుడు ముఖం గోడవైపు తిప్పుకుని దిగేది. ఎక్కేటప్పుడు చెంబుతో పసుపునీళ్లు మెట్ల మీద పోసుకుంటూ ఎక్కేది. మా ఇంటి పప్పు గిన్నె పైకి వెళ్లడం ఆగిపోయింది. ఎదురింట్లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేది, చర్చిలో పాటలు నేర్పేది. ఆవిడ ఒకరోజు వచ్చి పెట్టెలోకి చూసి, "దీన్ని కూడా ప్రార్థనలో పెట్టాను అన్నయ్యగారూ" అంది. గాయం ఆరడం మొదలయ్యాక మళ్లీ వచ్చి, "చూశారా!" అంది.

"చూశాను టీచరుగారూ. మరి ఇది చక్రం కిందికి వెళ్లినప్పుడు మీ దేవుడు ఎటు చూస్తున్నాడు?"

"ఆయన చిత్తం మనకేం తెలుస్తుందండీ."

"బాగు చేసింది మాత్రం తెలిసిందా?"

ఆవిడ నొచ్చుకుంది. నేను విచారించలేదు. పురుగుల్ని తీసింది నా భార్య పట్టకారు. ఆ పట్టకారుకి రావలసిన పేరును పై లోకానికి పంపడం నాకు దొంగతనంలా కనిపించింది.

కట్టు విప్పే నాటికి ఎముక అతికింది గాని వంకరగా అతికింది. ఉయ్యాలలోంచి దించితే కోడి పక్కకి ఒరిగి పడుకునేది. నిలబడే ప్రయత్నమే చేయలేదు. నిలబడని కోడి ఎన్నాళ్లో బతకదు, కింద రాసుకుని పుండ్లు పడతాయని డాక్టరు ముందే చెప్పాడు. మాకు ఆ బెంగ పట్టుకున్న రోజుల్లోనే మేనల్లుడి ప్రాజెక్టు రద్దయింది. వాడు మళ్లీ బెంచి ఎక్కాడు.

ఆ సాయంత్రం వాడు గుడ్డసంచి పట్టుకుని కిందికి వచ్చాడు.

"అమ్మ దీన్ని తీసుకెళ్లి కూడల్లో వదిలెయ్యమంది మామయ్యా. దిష్టిని మీరు ఇంట్లో పెట్టి పోషించడం వల్లే ఇలా జరిగిందంటోంది. వదిలేదాకా అన్నం తిననని కూర్చుంది."

"ప్రాజెక్టు ఎందుకు పోయింది?"

"క్లయింటు బడ్జెట్టు తగ్గించుకున్నాడు."

"ఆ మాట మీ అమ్మకి చెప్పావా?"

"చెబితే, వాడి బుద్ధి అలా తిప్పింది ఎవరంటోంది."

"నడవలేని కోడిని కూడల్లో వదిలితే ఏమవుతుందో తెలుసా?"

"కుక్కలు... తెలుసు మామయ్యా." వాడు వంగి పెట్టెలోంచి దాన్ని ఎత్తాడు. అది పెనుగులాడలేదు. వాడి బొటనవేలు వంకర ఎముక మీద ఆగింది. సంచి తెరవలేదు. గొంతు తగ్గించి, "ఒక పని చేద్దాం. మీరు దీన్ని వెనక గదిలో దాచెయ్యండి. వదిలేసి వచ్చానని అమ్మకి చెప్తాను. ఆవిడా తింటుంది, ఇదీ బతుకుతుంది. ఎవరికీ నష్టం లేదు" అన్నాడు.

"ఆ తర్వాత నీకు ఇంకో ప్రాజెక్టు వస్తుంది. కోడిని పారేస్తే పని జరిగిందని మీ అమ్మ కాలనీ అంతా చెబుతుంది. వచ్చే ఏడాది ఇంకో కారు, ఇంకో కోడి." మెట్ల దగ్గరికి వెళ్లి కేక వేశాను. "అక్కా! ఒకసారి ఇలా రా."

ఆవిడ సగం మెట్లు దిగి ఆగింది.

"కోడి ఇక్కడే ఉంది. ఇక్కడే ఉంటుంది. వదిలేశానని నీ కొడుకు నీకు అబద్ధం చెప్పబోతున్నాడు, నమ్మకు."

వాడు "మామయ్యా!" అన్నాడు. అక్క కళ్లు తుడుచుకుంది. "మేనల్లుడి కన్నా కోడి ఎక్కువైపోయిందేటిరా నీకు?"

"వాడికి రెండు కాళ్లూ బాగున్నాయే. వాడి పని వాడు వెతుక్కుంటాడు."

"నీకు పాపమూ లేదు, పుణ్యమూ లేదు!"

"నీకు రెండూ ఉన్నాయి కదా, దీని కాలు ఎందులో వేసుకున్నావు?"

ఆవిడ రెండు మెట్లు పైకెక్కి వెనక్కి తిరిగింది. "ఇకమీదట నీ గుమ్మం తొక్కితే ఒట్టు" అంది.

"తొక్కకు. మెట్లు మాత్రం చూసుకుని ఎక్కు, నువ్వు పోసిన పసుపునీళ్లు జారుతున్నాయి."

పైన తలుపు దబ్బుమంది. మేనల్లుడు కోడిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయాడు. నా భార్య అన్నం పళ్లెం తెచ్చి వరండాలో కాస్త దూరంగా పెట్టింది.

"దాన్ని కింద పెట్టరా" అన్నాను.

వాడు పెట్టాడు. అది పక్కకి ఒరిగింది. వాడు చెయ్యి చాపబోతే ఆపాను. కోడి పళ్లెం వైపు మెడ చాచింది. అందలేదు. ఒక రెక్క నేల మీద ఊని లేచింది, మళ్లీ పడింది, మళ్లీ లేచింది. వంకర కాలు బయటికి తిరిగి ఉంది. దాన్ని ఈడ్చుకుంటూ, తాగినవాడిలా తూలుతూ, పళ్లెం దాకా వెళ్లింది. మెతుకులు టకటకా పొడవసాగింది.

"అదిగో మీ దిష్టి" అన్నాను. "అన్నం తింటోంది. నువ్వూ పైకెళ్లి మీ అమ్మకి పెట్టు."