గొడ్డుపూలు

నా చిన్నప్పుడు, ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో, చాపాడు పక్కన మా ఊళ్లో నాకు ఇంటివాళ్లు ఒప్పజెప్పిన పని ఒకటుండేది. పొద్దున్నే లేచి పెరట్లో గుమ్మడిపాదుకు గొడ్డుపూలు తెంపడం. పూవు కింద బుడిపె ఉంటే అది కాయయ్యే పూవు. బుడిపె లేకుండా సన్నటి కాడ మీద పూసేది గొడ్డుపూవని, అది ఊరికే తీగ బలాన్ని తింటుందని మా జేజి, అంటే నాయనమ్మ, చెప్పేది. నేను ఒక్కటీ మిగల్చకుండా ఒడినిండా తెంపుకొచ్చేదాన్ని.

ఆ పాదు పెట్టింది మా చిన్నమ్మ, చిన్నాయన భార్య. పెళ్లయి ఆరేళ్లయినా ఆమెకు పిల్లలు లేరు. చిన్నాయనకు మళ్లీ పెళ్లి చేయాలని జేజి అప్పటికే నలుగురితో అంటూ ఉండేది. ఆ యేడు తీగ పందిరంతా అల్లుకుంది గాని, పిందెలు గోలీకాయంత కాగానే పసుపుబారి, మెత్తబడి రాలిపోయేవి. చిన్నమ్మ వాటిని ఏరి, ఎవరూ చూడకుండా మట్టిలో పూడ్చేది.

జేజి చూడనే చూసింది. "గొడ్రాలి చెయ్యి పడినాక యాడ నిలుస్తాది?" అని వాకిట్లో అందరూ వినేటట్టు అంది. అప్పటినుంచి చిన్నమ్మను పాదు దగ్గరికి పోనివ్వలేదు.

పక్కింట్లో దూదేకుల అక్క ఉండేది. ఒకరోజు దడి మీదుగా నా ఒడి చూసి, "ఏంది పాపా, మగపూలన్నీ తెంపేస్తే పిందె యాడ నిలుస్తాది?" అని నవ్వుతూ ఇవతలికి వచ్చింది. నా ఒడిలోంచి ఒక పూవు తీసి, రేకులు ఒలిచి, లోపలి పచ్చటి పొడిని అప్పుడే విచ్చిన ఆడపూవులో మెల్లగా అద్దింది. తేనెటీగలు చేసే పని అదేనని, వాటికి నేను ఏమీ మిగల్చలేదని చెప్పింది. గుర్తుగా ఆ కాడకు దూదిపోగు ఒకటి కట్టి పోయింది.

పిందెలు రాలింది నా చేతుల వల్లే. ఆ మాట చెప్పాలంటే జేజిది తప్పని చెప్పాలి. ఆ ఒక్క పిందె నిలిస్తే చూపించి చెబుదామని ఊరుకున్నాను. కడుపునొప్పి అని పూలు తెంపడం మాత్రం మానేశాను.

నాలుగో రోజు పులివెందుల నుంచి చిన్నమ్మ వాళ్లన్న బండి కట్టుకొని వచ్చాడు. ఆమెను పుట్టింటికి తీసుకుపొమ్మని జేజే కబురు పెట్టించింది. బండెక్కుతూ చిన్నమ్మ నా తల నిమిరి, "పాదుకు నీళ్లు మరిచిపోవాకు పాపా" అంది. దూదిపోగు కట్టిన పిందె అప్పటికే నిమ్మకాయంత అయింది. మాట నోటిదాకా వచ్చింది. పక్కనే జేజి నిలబడి ఉంది. నేను తల ఊపాను, అంతే.

పది రోజుల్లో పందిరి నిండా పిందెలు నిలిచాయి. అప్పుడు జేజికి అంతా చెప్పాను.

"ఆయమ్మ పోయినాకనే గదా నిలిచింది. ఇంకేం జెప్పాల?" అంది.

నేను దాచుకున్న సాక్ష్యం చిన్నమ్మకే ఎదురు తిరిగింది. ఆమె మళ్లీ ఆ గడప తొక్కలేదు.

అయిదో తరగతితో నా బడి ఆగినా, పెద్దయ్యాక ప్రొద్దుటూరు గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివాను. మొక్కల పుస్తకంలో ఒకచోట, గుమ్మడి ఆడపూవు ఒక్క పూటే విచ్చుకొని ఉంటుందని, ఆ పూట పుప్పొడి అందకపోతే పిందె రాలుతుందని ఉంది. అక్షరం చదవని అక్క చెప్పిందే అక్కడ అచ్చులో ఉంది. ఆ పేజీ వినిపిద్దామంటే అప్పటికి జేజీ లేదు, చిన్నమ్మా లేదు.

ఇప్పటికీ గుమ్మడికూర నా గొంతు దిగదు. ఎక్కడైనా మగపూవును ముట్టుకుంటే వేలికి అంటుకున్న ఆ పచ్చటి పొడిని తుడుచుకోబుద్ధి కాదు. బండి కదలకముందు చెప్పాల్సిన మాట ఆ వేలి కొన మీదే ఇంకా ఉన్నట్టుంటుంది.