ఈ ఆంటీ ఎన్ని రోజులుంటది?

ఈ రోజు పొద్దున పూణె రైలు దిగేసరికి లింగంపల్లి స్టేషన్లో మా ఆయన పాపను ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. ఏడు నెలల కంప్యూటర్ ట్రైనింగ్‌కు నన్ను బలవంతంగా పంపింది ఆయనే.

మూడేళ్ళ పాప నా దగ్గరికి రాలేదు. ముగ్గురం ఆటో ఎక్కాం. మాదాపూర్‌లో కొత్త అద్దాల మేడ దాటుతుండగా పాప అడిగింది.

"నాన్నా, ఈ ఆంటీ మనింట్ల ఎన్ని రోజులుంటది?"

ఆయన పకపకా నవ్వాడు. "ఏమో బిడ్డా. బుద్ధి పుట్టినన్ని రోజులుంటది, మళ్ళ పోతది."

"అమ్మ అని చెప్పొచ్చు గదా?" అన్నాను.

"జోక్ చేస్తే గంత ఫీలైతవేంది?" అన్నాడు.

నిజానికి పూణెలో ఉద్యోగమిస్తామంటే, పాప కోసం వద్దని చెప్పి వచ్చాను. ఆ సంగతి ఆయనకు చెప్పాలని దారంతా ఆరాటపడ్డాను. ఇంటికొచ్చాక ఆయన పాప మాటను పక్కింటివాళ్ళకు చెప్పి వాళ్ళనూ నవ్వించాడు. వాళ్ళ ముందు నేనూ నవ్వాను.

సాయంత్రం పాల ప్యాకెట్‌కని బయల్దేరి, ఎస్టీడీ బూత్ నుంచి పూణెకు ఫోన్ చేశాను. ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందట. సోమవారం నుంచి వస్తానన్నాను. ఆయనకింకా చెప్పలేదు.

నన్ను తిట్టాలనుకునేవాళ్ళు మొహమాటపడకండి.