ఎలా పడిందని అడగకూడదు

వీధి మలుపులో ఉన్న లాండ్రీకి బోర్డు ఉంది గానీ, దాని మీద ఏం రాసి ఉందో ఎవరూ చదవరు. అందరూ మరకలమ్మ కొట్టు అనే అంటారు. మరకలమ్మ అంటే వెనక గదిలో తొట్ల దగ్గర నిలబడే మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ తడిగానే ఉంటుంది. బట్టను వెలుతురుకి పట్టుకుని, గోటితో ఒకసారి గీకి, ఒకసారి వాసన చూసి, ఇది టీ కాదు కాఫీ అని చెప్పేస్తుంది. నూనె మరకకి సుద్దపొడి, సిరాకి పాలు, రక్తానికి చన్నీళ్ళు. ఆమె చేతిలో పడ్డాక మొండికేసిన మరక లేదు.

ముందు గదిలో బల్ల వెనక ఆమె అత్తగారు కూర్చుంటుంది. వచ్చిన బట్టలు తీసుకుంటుంది, ఊడిన బొత్తాలు కుడుతుంది. నోటికి మాత్రం బొత్తాం పెట్టుకోదు. కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల దగ్గర మరకలమ్మ భర్త. ఆయన మాటల కన్నా ఇస్త్రీపెట్టె వదిలే ఆవిరే ఎక్కువ. కాపురం కొట్టు మీదున్న మేడ గదుల్లోనే.

ఈ ముగ్గురి మధ్య, బట్టల మూటల మీద దొర్లుతూ పెరిగిన పిల్లని అందరూ బొత్తాం అంటారు. పాకే వయసులో ఎవరిదో కోటు బొత్తాం మింగేసింది. అది రావలసిన దారిన వచ్చాక, నాయనమ్మ దాన్ని మరగబెట్టి అదే కోటుకి కుట్టి ఇచ్చేసింది. ఆ కోటు పెద్దమనిషి ఇప్పటికీ దాన్ని పెట్టుకునే దర్జాగా తిరుగుతున్నాడు.

ఆ కొట్టుకి ఒక కట్టుబాటు ఉంది. ఏం మరక, ఎప్పుడు పడింది, ఈ రెండే అడగాలి. ఎలా పడిందని అడగకూడదు. కొట్టు పెట్టిన కొత్తలో అత్తగారు ఒకాయన కోటు చూసి, "ఇంత ఐస్‌క్రీం ఎలా ఒలికింది బాబూ?" అని ప్రేమగా అడిగింది. చావింటికి వెళ్ళొచ్చానని ఆయన చెబితే నమ్మిన భార్య పక్కనే నిలబడి ఉంది. తర్వాతి మాటలు వీధి చివరి దాకా వినిపించాయి. ఆ మొగుడూ పెళ్ళాలు మళ్ళీ కొట్టు గడప తొక్కలేదు. ఆనాటి నుంచి అదే శాసనం. బొత్తాం అక్షరాల కన్నా ముందు దాన్నే నేర్చుకుంది.

ఆ ఏడు స్కూళ్ళు తెరిచేసరికి బొత్తాం స్కర్టు అంచు విప్పి కిందికి దించాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి దించడానికి అంచు కూడా మిగల్లేదు. అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ అంది.

"పిల్ల ఎదిగిపోతోంది. చెప్పావా?"

"ఏం చెప్పాలి అత్తయ్యా?"

"మీ అమ్మ నీకు చెప్పనిదే."

మరకలమ్మకి తన చిన్నతనం గుర్తొచ్చింది. ఆ వయసులో ఆమె ఒకరోజు ప్రహరీ గోడ దూకింది. ఆ సాయంత్రమే మరక కనబడింది. దూకిన దూకుకి లోపలేదో తెగిపోయిందనుకుంది. ఎలాగూ పోతున్నాను కదా అని రంగు పెన్సిళ్ళు చెల్లెలికీ, మంచి దుప్పటి అక్కకీ పంచిపెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ వచ్చి చూసి, చేతిలో ఒక గుడ్డ పెట్టి, "ఇక ఆ గెంతులు కట్టిపెట్టు" అంది. అంతే. ప్రాణం పోవడం లేదని నమ్మడానికి ఆమెకి చాలా రోజులు పట్టింది. దుప్పటి తిరిగొచ్చింది గానీ, పెన్సిళ్ళు మాత్రం చెల్లెలు ఇవ్వలేదు.

తన కూతురు ఒక్క పూట కూడా అలా గోడవైపు తిరిగి పడుకోకూడదు. అది వచ్చేలోగా తన నోటితోనే చెప్పాలి. మరకలమ్మ పంతం అది.

పంతం ఉంది గానీ నోరు లేదు. ఊళ్ళో వాళ్ళ లోగుట్లన్నీ రెప్ప వాల్చకుండా ఉతికే మనిషి, కూతురి ముందుకొచ్చేసరికి ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఒకరోజు తల దువ్వుతూ మొదలుపెట్టింది.

"బొత్తాం, నువ్వు పెద్దదానివవుతున్నావు కదా..."

"అవునమ్మా. చెప్పులు ఇరుకైపోయాయి."

ఆ సాయంత్రం చెప్పులు కొన్నారు.

చివరికి తనకి వచ్చిన భాషలోనే చెబుదామనుకుంది. వీధిలోని మాంసం కొట్టాయన ఏప్రాన్లు వారం వారం వీళ్ళ దగ్గరికే ఉతుక్కి వస్తాయి. అందులో ఒకటి తీసి కూతుర్ని తొట్టి దగ్గరికి పిలిచింది.

"ఇదేం మరక?"

"రక్తం."

"ఏం చెయ్యాలి?"

"చన్నీళ్ళలో నానెయ్యాలి. వేడినీళ్ళు తగిలితే బట్టని పట్టేసుకుంటుంది."

మరకలమ్మ ఆగింది. ఇప్పుడు అడుగుతుంది, రక్తం ఇంకా ఎవరెవరి బట్టలకి పడుతుంది, ఎందుకు పడుతుంది అని. అడిగితే చాలు, చెప్పేయొచ్చు. బొత్తాం ఏప్రాన్‌ని వెలుతురుకి పట్టి చూసింది.

"ఎప్పుడు పడింది?"

"నిన్న."

"సరే" అని ఏప్రాన్ నానేసి వెళ్ళిపోయింది. ఎలా పడిందని అడగకూడదు మరి.

మర్నాడు మరకలమ్మ ఒక దుప్పటి తెచ్చింది. "ఇది ఆడమనిషి దుప్పటి" అని దారి కూడా చూపించింది. పిల్ల అప్పుడూ ఎప్పుడు పడిందనే అడిగింది. ఇంకొన్నాళ్ళు ఆగి, ఇక లాభం లేదని మరకలమ్మ తన లోపావడానే తెచ్చింది.

"ఇది నాది" అంది, గుండె చిక్కబట్టుకుని.

పిల్ల ముఖం పాలిపోయింది. నోరు తెరిచింది.

"ఎప్పుడు... పడింది?"

"ఇవాళే."

పిల్ల బకెట్ తీసుకుని కుళాయి దగ్గరికి నడిచింది. వెనకనుంచి మరకలమ్మ ఉండబట్టలేక, "గంజి డబ్బా వెనక ప్యాకెట్లున్నాయి, చూసి పెట్టుకో. నేను పక్కన లేకపోయినా ఇవన్నీ నువ్వే చేసుకోవాలి" అని కూడా చెప్పింది. అంత చెప్పగలిగినందుకు తనే ఆశ్చర్యపోయింది.

ముందు గదిలోంచి అత్తగారు అంది. "చల్లకొచ్చి ముంత దాచడమెందుకే అమ్మాయ్?"

"చెప్పాను కదా అత్తయ్యా."

"నువ్వు చెప్పింది ఉతుకుడు. పిల్ల పరీక్షలో ఫస్టు వస్తుంది, అది ఏం పరీక్షో మాత్రం దానికి తెలియదు."

కానీ పిల్ల మారింది. చెప్పకుండానే గిన్నెలు కడిగేది. తల్లి నిలబడి ఉంటే వెనకనుంచి స్టూలు జరిపేది. ఒక్కోసారి ఊరికే వచ్చి నడుం చుట్టూ చేతులేసి నిలబడేది. ఇంకా విచిత్రం, భర్త కూడా మారాడు. ఎన్నడూ లేనిది టీ కలిపి తెచ్చి, "కూర్చో, దుప్పట్లు నేను పిండుతాలే" అన్నాడు.

"చూశారా అత్తయ్యా, ఎంత పెద్దరికం వచ్చిందో" అని మరకలమ్మ మురిసిపోయింది.

"పిల్లకి సరే. వాడికేం వచ్చింది?" అంది అత్తగారు.

ఆ సంగతి ఒక మధ్యాహ్నం కాలిన వాసనతో బయటపడింది. భర్త ఎవరిదో తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె ఆనించి, కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. జన్మలో ఒక్క బట్ట కాల్చిన మనిషి కాదు. మరకలమ్మ పరుగున వచ్చి పెట్టె ఎత్తింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు." కాలిన చొక్కా మడిచి పక్కన పెట్టి అడిగాడు. "డాక్టరు ఏమన్నాడు?"

"ఏ డాక్టరు?"

"దాచకు. బొత్తాం చెప్పింది. నీకు రక్తం పోతోందట. ప్యాకెట్ల కొద్దీ దూది దాచుకున్నావట. నువ్వు లేకపోయినా పని ఆగకుండా దానికి నేర్పిస్తున్నావట."

"అయ్యో రామా. నెలనెలా వచ్చేదే కదండీ!"

"అదైతే పిల్లకి తెచ్చి చూపిస్తావా? ఇదేదో వేరే అనుకున్నా."

"నన్నొక మాట అడగొచ్చు కదా?"

"మన కొట్లో అడగకూడదు కదా."

బల్ల వెనక అత్తగారి భుజాలు కదిలాయి. నవ్వుతోందో దగ్గుతోందో తెలియలేదు.

మరకలమ్మకి నవ్వు రాలేదు. "పిల్లేది?" అంది.

"పైన పడుకుంది."

తడి చేతులతోనే మెట్లెక్కింది. బొత్తాం గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దేని గురించి ఇంతకాలం బెంగపడిందో అదే కళ్ళముందుంది, తన చేతుల మీదుగానే జరిగింది. ఇక సిగ్గుపడడానికి తీరిక లేకపోయింది.

"లే. నాకేం జబ్బు లేదు. గుండ్రాయిలా ఉన్నాను."

పిల్ల ఇటు తిరగలేదు. "అబద్ధం."

"అయితే అడుగు. అది ఎలా పడిందో అడుగు."

"అడగకూడదు కదా."

"కట్టుబాటు కింద ఉన్న కొట్టుకే. ఇది మేడ. ఇక్కడ అడగొచ్చు."

పిల్ల నెమ్మదిగా లేచి కూర్చుంది. ముక్కు చీదుకుంది. "ఎలా పడింది?" అంది, బూతు మాట అన్నంత బెరుగ్గా.

మరకలమ్మ మంచం మీద కూర్చుంది. "కోటుకి లోపల లైనింగు ఉంటుందా? ఆడవాళ్ళ కడుపులో ఒక సంచి ఉంటుంది, బిడ్డ పెరగడానికి. దానికీ లోపల మెత్తటి లైనింగు వేసుకుంటుంది ఒళ్ళు. బిడ్డ లేకపోతే దాని అవసరం ఉండదు. ఆ పాతది రక్తంతో కలిసి కిందనుంచి బయటికి వచ్చేస్తుంది. మళ్ళీ నెలకి కొత్తది. నాకు వస్తుంది, మీ టీచరుకి వస్తుంది. నీకూ వస్తుంది, ఇవాళో, వచ్చే ఏడో. అది దెబ్బ కాదు, జబ్బు కాదు. ఆ ప్యాకెట్లు అందుకే, నీ కోసమే."

బొత్తాం కళ్ళు తుడుచుకుంది.

"పాత లైనింగు చిరిగిపోతుందా?"

"లేదు. వాడం, అంతే."

"వాడనిది మార్చడమెందుకు? దండగ కదా."

మెట్ల మీదనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అచ్చం లాండ్రీ పిల్ల."

"నొప్పి పుడుతుందా?"

"కొంచెం. కొందరికి ఎక్కువ. పుడితే నాకు చెప్పు."

"గెంతొచ్చా?"

మరకలమ్మ పిల్ల ముఖం మీది జుట్టు వెనక్కి తోసింది. "గోడలు కూడా దూకొచ్చు."

ఆ రోజు తెరుచుకున్న ప్రశ్నల దారులు మళ్ళీ మూతపడలేదు. బొత్తాం అన్నం తింటూ అడిగింది, బట్టలు ఆరేస్తూ అడిగింది. ఒకసారి ఇస్త్రీ బల్ల దగ్గరకెళ్ళి మగవాళ్ళకి లోపలేం లైనింగు ఉంటుందని నాన్నని అడిగింది. ఆయన పెట్టెని నిలబెట్టి, జాగ్రత్తగా చొక్కాకి దూరంగా జరిపి, "మీ అమ్మనడుగు" అన్నాడు.

చలికాలం మొదలయ్యాక ఒక సాయంత్రం, అత్తగారు కళ్ళజోడు వెతుక్కోవడానికి లోపలికెళ్తే మరకలమ్మ బల్ల దగ్గర కూర్చుంది. మాంసం కొట్టాయన ఏప్రాన్ల కోసం వచ్చాడు. ఆయన వెనక ఇంకెవరో నిలబడి, పక్కనుంచి ఒక చిన్న మూట బల్ల మీదికి తోశారు. మరకలమ్మ ఏప్రాన్లు మడతపెడుతూ తలెత్తకుండానే అడిగింది.

"ఏం మరక?"

"రక్తం."

చేతులు ఆగిపోయాయి. ఎదురుగా బొత్తాం, ఆటల డ్రస్సులో, స్కూలు బ్యాగు భుజానికి తగిలించుకుని.

"ఎప్పుడు పడింది?" అంది మరకలమ్మ.

"లెక్కల క్లాసులో. బ్యాగులో ఉన్న ప్యాకెట్టు వాడేశా. స్కర్టు అక్కడే చన్నీళ్ళలో ముంచా. రేపటికి ఆరాలమ్మా, ఉన్నది అదొక్కటే."

ఆ బల్ల దగ్గర ఎవరూ ఎప్పుడూ అడగని మూడో ప్రశ్న ఆ రోజు మరకలమ్మ అడిగింది.

"భయం వేసిందా?"

"చాలా. బోర్డు దగ్గరికి పిలుస్తారేమోనని. ఆ లెక్క నాకు రాదు." మూట వదిలేసి, మెట్లు రెండేసి చొప్పున గెంతుకుంటూ మేడెక్కింది.

మరకలమ్మ ఒక ఏప్రాన్ అందుకుని ముఖానికి అడ్డం పెట్టుకుంది. మాంసం కొట్టాయన కంగారుపడ్డాడు.

"అదేంటమ్మా, ఎందుకేడుస్తున్నావు? ఏం జరిగింది?"

కళ్ళజోడు దొరికిన అత్తగారు వచ్చి, కోడల్ని పక్కకి జరిపి కూర్చుంది.

"ఈ కొట్లో అలాంటివి అడగకూడదు బాబూ" అంది. "నీ ఏప్రాన్లు రేపు తీసుకెళ్ళు. ఒకటి మళ్ళీ ఉతకాలి."