శుక్రవారం బస్సు

నంద్యాలలో నేను పనిచేసే బడికి పోయే దారిలో ఒక టైలర్ షాపు ఉంది. పొద్దున్నే అక్కడ మిషన్ నూనె వాసన తగిలిందంటే నా నడక నెమ్మదిస్తుంది. నేను కాపురమున్న ఆళ్లగడ్డలో రత్నమ్మక్క అంగడిలోనూ ఇదే వాసన. జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్ వేసే మనిషి ఆమె. ఈ రోజు నేను బతికి ఉన్నానన్నా, నా కూతురు నా పక్కన ఉందన్నా అది ఆమె చలవే.

నా భర్త నన్ను కొడతాడని వీధిలో అందరికీ తెలుసు. అందరూ సర్దుకుపొమ్మన్నవాళ్లే, చెప్పడానికేం పోయింది! ఒకరోజు జాకెట్ కొలత ఇవ్వబోతే నా చెయ్యి పైకి లేవలేదు. రత్నమ్మక్క టేపు మెడలో వేసుకుని నన్ను చూసింది. ఎందుకు, ఏమిటి అని అడగలేదు.

"నీ సదువు కాగితాలు యాడుండాయి?" అంది.

"బీరువాలో. తాళం ఆయన దగ్గరే. స్నానానికి పోయేటప్పుడు గూట్లో పెడతాడు."

"ఈసారి తెచ్చే చీర మడతలో ఒక కాగితం పెట్టుకోని రా. ఒకటే. అన్నీ ఒకేసారి తేవాకు."

అట్లా మూడు నెలలు గడిచాయి. ఫాల్ ఉన్న చీరలకే విప్పి మళ్లీ కుట్టించాను. నా సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు, పాప పుట్టిన సర్టిఫికెట్టు ఒక్కొక్కటే ఆమె అరలో, ఎవరూ తీసుకుపోని పాత జాకెట్ల కిందికి చేరాయి. నా దెబ్బల ఫొటోలు ఆమె ఫోన్లోనే దాచింది.

ఇంతలో నేనే నోరు జారాను. ఒకసారి దెబ్బలు తిన్న కోపంలో, వెళ్లిపోతానని ఆయన ముఖం మీదే అన్నాను. అప్పటి నుంచి నా మీద కాపలా పెరిగింది. రత్నమ్మక్క కసిరింది.

"పోయేటోళ్లు చెప్పరు మ్మే. చెప్తే ప్రాణం మీదికొస్తాది."

ఇంకో నెల ఏమీ ఎరగనట్టు ఉండమంది. ఆ నెలంతా ఆమె మీద కూడా మండిపడ్డాను. తరువాత ఒకనాడు, "రేపు శుక్రవారం పో" అంది.

నేను తెల్లబోయాను. మా వైపు ఇల్లాలు శుక్రవారం పుట్టింటికైనా బయలుదేరదు. ఈమె అయితే ఆ రోజు సూది కూడా ఇంకొకరి చేతికివ్వదు.

"దోషం కదా అక్కా?"

"నీ మొగుడూ అట్లే అనుకుంటాడు. శుక్రవారం నువ్వు కదలవని నమ్మకంగా పన్ల మీద పోతాడు."

"మరి దోషం?"

"అది నాకు రానీలే."

పొద్దున పదింటికి, ఫోను ఇంట్లోనే ఛార్జింగులో వదిలి, పాపను తీసుకుని అంగడికి పోయాను. కాగితాలు చీరల సంచిలో పెట్టిచ్చింది. ఆయన ముందు వెతికేది అక్కడే కాబట్టి పుట్టింటికి పోవద్దంది. నంద్యాలలో తనకు తెలిసిన టీచరమ్మ ఇంటికి పంపింది. బస్సు దిగగానే ఆ టీచరమ్మ నన్ను మహిళా పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయింది.

మా ఆయన మరునాడు అంగడి మీదికి పోయాడట. ఆమె మిషన్ తొక్కడం ఆపకుండా, "చీరలిచ్చి పోతాది, కథలు చెప్పదప్పా" అందట. ఇది పక్క అంగడామె చెప్తేనే తెలిసింది. ఆమెకు భయం వేయలేదనుకోను. మిషన్ మాత్రం ఆగలేదని నాకు గర్వం.

ఆమె నేర్పిన పని నేనూ చేస్తున్నాను. ఇప్పుడు మా ఇంటి బీరువాలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ల కాగితాలున్నాయి. వాళ్లెవరో ఇక్కడ రాయను.