ఏ వరుసకూ చెందని బుట్ట

కార్తీక సోమవారం పొద్దున్నే తెనాలిలోని ఒక మార్కెట్లో లిడియమ్మ పుట్టగొడుగుల బుట్టను సూపర్‌వైజర్ హనుమయ్య కాలితో పక్కకు నెట్టాడు. వంకాయల పక్కన నీచు సరుకు ఎలా పెట్టనిచ్చారని ఎవరో పెద్దమనిషి గొడవ చేశాడట. హనుమయ్యకు తెలిసినవి రెండే వరుసలు. ఒకటి కూరగాయలది, ఇంకొకటి చేపలూ మాంసానిది. బుట్ట రెండో వరుసకు వెళ్ళింది.

అక్కడ రేపల్లె నుంచి రొయ్యలు తెచ్చే సీమోను ఒప్పుకోలేదు.

"దీనికి తలా లేదు, నెత్తురూ లేదు పిన్నీ. నువ్వు నా పక్కన కూచుంటే రొయ్యలు కూడా చెట్టుకి కాశాయనుకుంటారు జనం. అటెళ్ళు."

చోటు దొరక్కపోతే మధ్యాహ్నానికల్లా సరుకు నల్లబడుతుంది. కర్లపాలెం దగ్గర పాకలో వరిగడ్డి ఉడకబెట్టి, నెలంతా తడుపుతూ పెంచిన పంట అది. ఆమెకు వేరే ఆధారం లేదు.

హనుమయ్యకు తెలియనిది ఒకటుంది. లిడియమ్మ బాపట్లలో ఒక కాలేజీ లాబులో ఇరవై రెండేళ్ళు సీసాలు కడిగింది. ఉద్యోగం ఖాయం కాలేదు గానీ, ఏటా అదే పాఠం చెవిన పడింది. ఫీజు కట్టిన పిల్లలు పరీక్ష రాసి మరిచిపోయారు. ఆమెకు పరీక్ష లేదు కాబట్టి గుర్తుండిపోయింది.

బుట్ట చంకన పెట్టుకుని తిన్నగా హనుమయ్య బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మొక్కయితే ఎండలో తన కూడు తనే వండుకుంటదండి. ఇది వండుకోదు."

"నేననేదీ అదేగా. మాంసమే."

"జంతువైతే మింగి అరిగించుకుంటది. దీనికి కడుపెక్కడుందండి? గడ్డిని బయటే అరిగించి పీల్చుకుంటది. సైన్సోళ్ళు జీవాలన్నిటినీ అయిదు రాజ్యాలు చేశారండి. దీనిది వేరే రాజ్యం."

"అయితే ఆ రాజుగార్నే వచ్చి చోటు చూపించమను."

"ఇక్కడ మీరున్నారుగా అని ఆయన రావట్లేదండి."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆమెను వదిలించుకుంటే చాలనుకుని హనుమయ్య రెండు వరుసల మధ్య, గేటుకు ఎదురుగా, దారిలో కూర్చోమన్నాడు. అది శిక్ష అనుకున్నాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆమెను దాటుకునే నడవాలి. పదకొండింటికి బుట్ట ఖాళీ.

వారం తిరక్కముందే పెరుగమ్మే లాల్ అహమ్మద్ వచ్చి ఆమె పక్కన కుండ దించాడు. లిడియమ్మ ఒప్పుకోలేదు.

"పెరుగు తోడుపెట్టేది బాక్టీరియా. దానిది మొనీరా రాజ్యం. ఇటు రాకూడదు భాయ్."

"మరి నా రాజ్యం ఎక్కడుందమ్మా?"

"హనుమయ్యగారినడుగు."

అన్యాయం జరిగిన మనిషి మంచిమనిషై తీరుతుందని రాసేవాళ్ళను ఒక్క పూట మార్కెట్లో కూర్చోబెట్టాలి.

నేనూ ఆమె దగ్గరే కొంటాను. పోయిన నెల వెళ్ళినప్పుడు, కొంచెం ఉడికిద్దామనే, కొత్తగా చదివింది చెప్పాను. అయిదు రాజ్యాల లెక్క పాతబడిందనీ, ఇప్పుడు రాజ్యాల పైన ఇంకా పెద్ద గుంపులు కట్టారనీ, వాటిలో వంకాయా రొయ్యా పుట్టగొడుగూ మనమూ అందరం ఒకే గుంపనీ. పైగా పుట్టగొడుగు మొక్కలకన్నా జంతువులకే దగ్గర చుట్టమనీ.

లిడియమ్మ హనుమయ్య బల్ల వైపు ఓసారి చూసింది. గుప్పెడు పుట్టగొడుగులు తీసి నా సంచిలో పడేసింది.

"మెల్లగా మాట్లాడు అబ్బాయ్. ఆయనకి మాత్రం చెప్పమాకు. మళ్ళీ రొయ్యల పక్కకి తోసేస్తాడు."